ఉండిపోవడమూ ఒక శ్రమే

'టర్నోవర్' అనే మాట మన చెవికి వ్యాపారం మాట. ఫలానా దుకాణం ఏడాదికి ఎంత టర్నోవర్ చేస్తుందని అడుగుతుంటాం. పిల్లల సంక్షేమ రంగం మీద వచ్చే పరిశోధనల్లో ఈ మాటకు అర్థం వేరు. ఏడాదిలో ఎంతమంది ఉద్యోగులు పని వదిలి వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలోకి ఎంతమంది కొత్తవాళ్ళు వచ్చారు అన్న లెక్క అది. దానికి జంటగా 'రిటెన్షన్' అనే మరో మాట ఉంటుంది. ఉన్నవాళ్ళను పోకుండా నిలుపుకోవడం అని దాన్ని తెలుగు చేసుకోవచ్చు.

తెలుగు చేసుకున్నప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది. 'నిలుపుకోవడం' అన్న క్రియకు కర్త సంస్థ. అదే విషయాన్ని పని చేసే మనిషి వైపు నుంచి చెప్పాలంటే మన దగ్గర వేరే క్రియలున్నాయి. 'నిలదొక్కుకుంది' అంటాం. 'అంటిపెట్టుకుని ఉంది' అంటాం. 'అక్కడే ఉండిపోయింది' అంటాం. ఈ చివరి మాటలో ఇష్టం కంటే గత్యంతరం లేకపోవడమే ఎక్కువగా వినబడుతుంది. అత్తవారింట్లో ఉండిపోయిన కోడలి గురించీ, పాతికేళ్ళు అదే అంగన్‌వాడీలో ఉండిపోయిన టీచర్ గురించీ మనం ఒకే క్రియ వాడతాం. పిల్లల సంక్షేమంలో పనిచేసేవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. కాబట్టి ఎవరు వెళ్ళిపోతున్నారు, ఎవరు ఉండిపోతున్నారు, ఎందుకు అన్న ప్రశ్నను మేనేజ్‌మెంట్ నిపుణులకు వదిలెయ్యకుండా స్త్రీవాద విమర్శ తన చేతిలోకి తీసుకోవాలి.

ఒక అంకె చేసిన ప్రయాణం

ఈ విషయం మీద ఎక్కువగా రాసింది అమెరికన్లు. తల్లిదండ్రుల దగ్గర పిల్లలకు రక్షణ లేదనుకున్నప్పుడు ప్రభుత్వం జోక్యం చేసుకుని, పిల్లల్ని ఫాస్టర్ కుటుంబాలకు అప్పగించి, ఒక్కొక్క బిడ్డ వ్యవహారాన్నీ ఒక్కొక్క కేస్‌వర్కర్ చేతిలో పెట్టే వ్యవస్థ అక్కడ ఉంది. అమెరికన్ పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ రంగంలో ఏటా 30 నుంచి 40 శాతం మంది ఉద్యోగం వదిలేస్తున్నారు. సగటున రెండేళ్ళు కూడా ఉండటం లేదు. తక్కువ జీతాలు, మోయలేనన్ని కేసులు, కాగితాల పని, పై అధికారుల అండ లేకపోవడం, ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఎదురయ్యే దాడుల భయం అని కారణాలు వరసగా చెప్పింది ఆ నివేదిక. వీటిలో కొత్తదేమీ లేదు. ఏ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను అడిగినా ఈ జాబితా చెప్పగలదు.

2005లో మిల్వాకీ కౌంటీ మీద ఒక అధ్యయనం వచ్చింది. ఈ విషయం మీద రాసిన ప్రతివాళ్ళూ దాన్నే ఉదహరిస్తారు. ఒకే కేస్‌వర్కర్ ఉన్న పిల్లల్లో 74.5 శాతం మందికి శాశ్వతమైన ఇల్లు దొరికిందనీ, ఇద్దరు మారితే అది 17.5 శాతానికి పడిపోయిందనీ, ముగ్గురు మారితే 5.2 శాతమేననీ ఉదహరిస్తుంటారు. గుండె ఝల్లుమనే అంకెలు. కానీ ఆ అధ్యయనం ఇచ్చిన శాతాలన్నీ వరసగా పెట్టి కూడితే దాదాపు నూరవుతుంది. విడివిడి గుంపుల్లో సాఫల్యాన్ని చెప్పే శాతాలు అలా కూడి నూరు కావలసిన పని లేదు. ఇల్లు దొరికిన పిల్లల్నే తీసుకుని, వాళ్ళలో ఎంతమందికి ఎందరు కేస్‌వర్కర్లు మారారో పంచి చూపిన లెక్కలా ఉంది ఇది. పైగా త్వరగా ఇల్లు దొరికిన బిడ్డకు కేస్‌వర్కర్ మారే వ్యవధే ఉండదు. ఏళ్ళ తరబడి వ్యవస్థలో చిక్కుకుపోయిన బిడ్డకు ఎటూ నలుగురైదుగురు మారతారు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత తేలిగ్గా తేలదు.

ఈ మాట చెప్పడం మనుషులు మారడం వల్ల పిల్లలకు నష్టం లేదని వాదించడానికి కాదు. నష్టం ఉంది, దాని దగ్గరికి వస్తాను. ఆ అంకె ఒక నినాదంగా మారి ఎందుకంత దూరం ప్రయాణించిందన్నది నా ప్రశ్న. ఉద్యోగి వెళ్ళిపోతే బిడ్డకు ఇల్లు పోతుందన్న వాక్యంలో తప్పు చేసినట్టు కనిపించేది వెళ్ళిపోయిన మనిషి. జీతం పెంచనివాడూ, ఒక్కరి నెత్తిన ముగ్గురి పని పెట్టినవాడూ ఆ వాక్యంలో ఎక్కడా లేరు. ఉద్యోగం వదిలిన స్త్రీని బిడ్డను వదిలిన తల్లి పక్కన నిలబెట్టడం ఎంత సులభమో ఈ అంకె చూపిస్తుంది.

ఆ పరిశోధనల్లో మరో వెలితి కూడా ఉంది. ఉద్యోగులు నిలవడం దానంతటదే మంచిదని అవి అనుకుంటాయి. ఏ పనిలో నిలవడం? అమెరికాలో పిల్లల సంక్షేమ వ్యవస్థ నల్లజాతి కుటుంబాల్ని ఎంత అన్యాయంగా విడగొట్టిందో డొరతీ రాబర్ట్స్ 2002లో 'షాటర్డ్ బాండ్స్' పుస్తకంలో రాశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2022లో, 'టోర్న్ అపార్ట్' రాస్తూ ఆ వ్యవస్థను సంస్కరించలేం, రద్దే చెయ్యాలన్న దగ్గరికి వచ్చారు. ఆ వెలుగులో చూస్తే, పేద తల్లి ఒడిలోంచి బిడ్డను తీసుకురావడమే తన పని అని తెలిశాక అది చెయ్యలేక వెళ్ళిపోయిన కేస్‌వర్కర్‌ను 'నష్టం' ఖాతాలో ఎలా రాస్తాం? వెళ్ళిపోవడం కూడా కొన్నిసార్లు ఒక తీర్పు. ఆ తీర్పు వినకుండా శాతం ఒక్కటే లెక్కపెడితే చేతికొచ్చేది జాబితా తప్ప జ్ఞానం కాదు.

గౌరవం, వేతనం

మన దగ్గరికి వస్తే కథ తలకిందులవుతుంది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మనందరికీ తెలిసిన ఐసీడీఎస్, 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు దేశంలో అంగన్‌వాడీలు 14 లక్షలకు దగ్గరలో ఉన్నాయి. పోషకాహారం, బడికి ముందు చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య అని ఆరు సేవలు. వీటన్నిటికీ ఊళ్ళో ఉండే ముఖం ఒక టీచర్, ఒక ఆయా. ఈ ఇద్దరూ సాధారణంగా పని వదిలి వెళ్ళరు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు చేసినవాళ్ళు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. అమెరికన్ నిపుణులు కలలు కనే 'రిటెన్షన్' ఇది. దీన్ని మనం ఏ ధరకు సాధించాం?

నియామక ప్రకటనల నుంచే మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో వెలువడే అంగన్‌వాడీ ప్రకటనల్లో చదువు, వయసులతో పాటు ఒక షరతు ఉంటుంది. అభ్యర్థి వివాహిత అయి ఉండాలి, ఆ ఊళ్ళోనే నివాసం ఉండాలి. ఈ షరతును మనం ఎన్నోసార్లు చదివి కూడా చదవనట్టే వదిలేశాం. పెళ్ళికాని పిల్ల రేపు పెళ్ళి చేసుకుని ఊరు దాటి పోతుంది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కోడలు ఎక్కడికీ పోదు. ఆడపిల్ల పెళ్ళితో ఊరు మారుతుందన్న పితృస్వామ్య నియమాన్ని ప్రభుత్వం తన ఉద్యోగుల్ని నిలుపుకునే విధానంగా మార్చుకుంది. జీతం చెయ్యాల్సిన పనిని మంగళసూత్రానికి అప్పగించింది.

ఇక ఆ జీతానికి పెట్టిన పేరు 'గౌరవ వేతనం'. వేతనం అంటే చేసిన పనికి ఇచ్చేది. దానికి ముందు గౌరవం చేర్చగానే అది పనికి ఇచ్చేది కాకుండా పోతుంది. ఇచ్చేవాడి ఔదార్యం అయిపోతుంది. గౌరవం అన్న మాట చేరి ఒక మనిషి విలువను తగ్గించిన సందర్భం భాషలో ఇంకెక్కడైనా ఉందా అని వెతికితే, 'ఇంటి గౌరవం' గుర్తుకొస్తుంది. అక్కడా ఆ బరువు మోసేది స్త్రీయే.

ఈ పేరు వెనకున్న చట్టం సంగతి కూడా చూద్దాం. కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. అంగన్‌వాడీ ఉద్యోగాలు చట్టం సృష్టించిన పదవులు కావనీ, పథకం కింద వచ్చినవనీ, వాళ్ళు చేసేది రాజ్యం నిర్వహించే విధి కాదనీ చెప్పింది. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ తూచి రాజ్యానికి చెప్పే మనిషి రాజ్యం పని చెయ్యడం లేదన్నమాట. పదిహేనేళ్ళు దాటాక, 2022 ఏప్రిల్ 25న, గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఓకాల ధర్మాసనం వేరే దారి పట్టింది. ఇది పార్ట్‌టైమ్ పని అన్న వాదనను ఒప్పుకోలేదు. 2013 ఆహార భద్రతా చట్టం, విద్యాహక్కు చట్టం వచ్చాక అంగన్‌వాడీలు చట్టబద్ధమైన విధులే నిర్వర్తిస్తున్నాయంది. గౌరవ వేతనం అని పిలిచినా అది వేతనమేననీ, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వీళ్ళకూ వర్తిస్తుందనీ తేల్చింది.

గ్రాట్యుటీ అన్నది నిలకడకు చట్టం కట్టిన వెల. మామూలుగా ఐదేళ్ళు వరసగా పనిచేసినవాళ్ళకే అది వస్తుంది. ఆ మాటకు మూలంలో ఉన్న అర్థం కానుక, దయతో ఇచ్చేది అని. హక్కుగా మారడానికి ఆ కానుకకు కార్మికోద్యమం కావలసి వచ్చింది. 'గౌరవ వేతనం' కూడా కానుక వేషం వేసుకున్న జీతమే. ఆ వేషం తీయించడానికి అంగన్‌వాడీ స్త్రీలకు కోర్టులో ఏళ్ళు పట్టింది, వీధిలో అంతకంటే ఎక్కువ పట్టింది.

తాళాలు పగిలిన రోజులు

2023లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. తెలంగాణలో సెప్టెంబర్ 11న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో డిసెంబర్ 12న మొదలై 42 రోజులు సాగింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్‌కు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. తెలంగాణలో 13,650, 7,800. ఇందులో కేంద్రం లెక్క ప్రకారం టీచర్‌కు ఉన్న గౌరవ వేతనం 4,500, అదీ 2018 అక్టోబర్ నుంచి. ఆంధ్రప్రదేశ్ సమ్మెలో అడిగింది 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ, ఇంకా కొన్ని.

ఆ 42 రోజుల్లో జరిగినవాటిలో రెండు సంఘటనల్ని విమర్శకులు పాఠంగా చదవాలి. మొదటిది తాళాలు పగలగొట్టడం. టీచర్లు తాళం వేసుకుని వెళ్ళిన కేంద్రాల తాళాలు అధికారులు పగలగొట్టించి, సచివాలయ సిబ్బందితో నడిపించే ప్రయత్నం చేశారు. ఆ పనికి నేర్పు అక్కర్లేదు, ఎవరొచ్చి కూర్చున్నా నడుస్తుంది అన్న నమ్మకం ఆ చేతలో ఉంది. మూడేళ్ళ పిల్లాడు కొత్త మొహం చూసి ఏడవకుండా అన్నం తినాలంటే ఏం కావాలో తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు. ఏ పిల్లకు గుడ్డు పడదో, ఏ పిల్లవాడు పప్పు ముద్ద నోట్లో పెట్టుకుని మింగడో, ఏ గర్భిణి ఇంట్లో తిన్నానని అబద్ధం చెబుతుందో తెలియడం ఒక విద్య. ఆ విద్యకు సర్టిఫికెట్ లేదు, అది ఒకే చోట ఉండిపోవడం వల్లనే వస్తుంది. తాళం పగలగొట్టినవాళ్ళకు గది దొరికింది గానీ ఈ విద్య దొరకలేదు.

రెండోది 2024 జనవరి 6న వచ్చిన ఎస్మా ఉత్తర్వు. అంగన్‌వాడీ సేవలు అత్యవసర సేవలు కాబట్టి ఆరు నెలలపాటు సమ్మె నిషిద్ధం అన్నారు. జీతం అడిగితే మీరు గౌరవ సేవకులు, ఉద్యోగులు కారు. సమ్మె చేస్తే మాత్రం మీరు అత్యవసర సేవలో ఉన్నారు, ఆపడానికి వీల్లేదు. ఒకే స్త్రీ రెండు వాక్యాల మధ్య ఇలా రెండుగా విడిపోయింది. ఇది మనకు కొత్త కాదు. ఇంట్లో ఆమె పని పనే కాదంటారు, ఒక్కరోజు ఆమె లేకపోతే ఇల్లు ఇల్లులా లేదంటారు. ఇంటి చాకిరీ గురించి నలభై ఏళ్ళుగా మనం చెబుతున్న సూత్రాన్నే ప్రభుత్వం తన ఉత్తర్వుగా అచ్చువేసింది.

పేర్ల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలంగాణలో 'వర్కర్' పోయి 'టీచర్' వచ్చింది. గౌరవ వేతనం కూడా 4,200 నుంచి 7,000కు, తర్వాత 2017లో 10,500కు పెరిగింది. ఆ పెంపు చిన్నదేమీ కాదు. పేరు కూడా చిన్న విషయం కాదు. ఊళ్ళో 'టీచరమ్మ' అని పిలిపించుకోవడంలో ఒక నిటారుతనం ఉంది. అయితే టీచర్ అన్నాక టీచర్‌కు ఉండే స్కేలు, సెలవులు, పింఛను ఏవన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ పిలుపు వల్లనే ఆ ప్రశ్న వేసే హక్కు కూడా వచ్చింది. 2023 సమ్మెలు ఆ హక్కును వాడుకోవడమే.

మళ్ళీ మొదటినుంచి చెప్పాలా

పిల్లల సంక్షేమానికి ఇంకో గది ఉంది. అక్కడ మనుషులు ఉండిపోరు, మారిపోతూనే ఉంటారు. ఇంట్లో హింసకు గురైనవాళ్ళు, తప్పిపోయినవాళ్ళు, పనిలోంచి విడిపించి తెచ్చినవాళ్ళు, బాల్యవివాహం తప్పించుకొచ్చిన ఆడపిల్లలు వచ్చే గది అది. 2009లో సమగ్ర బాలల రక్షణ పథకంగా మొదలై ఇప్పుడు మిషన్ వాత్సల్య అన్న పేరుతో నడుస్తున్న వ్యవస్థలో జిల్లా బాలల రక్షణ విభాగాలున్నాయి. వాటిలో సామాజిక కార్యకర్తలు, కౌన్సెలర్లు, పిల్లల ఇళ్ళకు వెళ్ళే అవుట్‌రీచ్ వర్కర్లు చాలావరకు ఒప్పందం మీద పనిచేస్తారు. బాలల సంక్షేమ సమితి సభ్యుల పదవీకాలం మూడేళ్ళకు మించదు. ఖాళీలు నింపకుండా వదిలేసే జబ్బు ఎంత ముదిరిందంటే, సంపూర్ణ బెహురా కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే కమిషన్లలో, జువెనైల్ జస్టిస్ బోర్డుల్లో, సమితుల్లో ఖాళీలు నింపమని ఆదేశించవలసి వచ్చింది. 1996లో ముంబయిలో మొదలైన చైల్డ్‌లైన్ 1098ను 2023లో స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి తీసి ప్రభుత్వాల కిందికి తెచ్చి, 112 అత్యవసర నంబరుతో కలిపారు. నంబరు మారలేదు. ఆ నంబరు వెనక ఏళ్ళ తరబడి వీధి వీధి తిరిగి పిల్లల నమ్మకం సంపాదించుకున్న మనుషుల్ని ఆ మార్పు ఎక్కడ నిలబెట్టిందన్నది చర్చకు రాలేదు.

పోక్సో చట్టం 2012లో వచ్చింది. అందులో 33వ సెక్షన్‌లో ఒక మంచి నియమం ఉంది. బిడ్డను సాక్ష్యం చెప్పడానికి మళ్ళీ మళ్ళీ కోర్టుకు పిలవకూడదు. జరిగినదాన్ని తిరిగి తిరిగి చెప్పించడమే ఇంకో గాయమని చట్టం గుర్తించింది. కోర్టు గడప లోపల ఆ గుర్తింపు ఉంది. గడప బయట, కౌన్సెలర్ మారినప్పుడల్లా బిడ్డ మళ్ళీ మొదటినుంచి చెప్పక తప్పదు. ఒప్పందం ముగిసిన ఉద్యోగి ఫైలు వదిలి వెళ్తుంది. ఫైల్లో తేదీలుంటాయి, సెక్షన్లుంటాయి. ఆ పిల్ల ఏ మాట దగ్గర ఆగిపోతుందో, ఎవరి పేరు వింటే చేతివేళ్ళు విరుచుకుంటుందో ఉండదు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాంటి ఉద్యోగం మూడేళ్ళు చేసి వదిలేసింది. జీతం నాలుగు నెలలకోసారి వచ్చేది. అర్ధరాత్రి ఫోన్లు, సొంత డబ్బుతో బస్సు ఛార్జీలు, ఊరి పెద్దల బెదిరింపులు ఉండేవి. అవన్నీ భరించానంది. వెళ్ళేముందు పిల్లలకు చెప్పి వెళ్ళడానికి రెండు రోజులు అడిగితే, ఆఖరి తేదీ అయిపోయింది, ఇక లోపలికి అనుమతి లేదన్నారట. అది తనకు ఇప్పటికీ మింగుడుపడలేదంది. మానవ వనరుల లెక్కలో ఆమె ఒక ఖాళీ. పిల్లల లెక్కలో చెప్పకుండా పోయిన ఇంకో మనిషి. ఈ రెండో లెక్క రాయడానికి ఎక్కడా గడి లేదు.

అమ్మ అనకుండా చెప్పడం

ఇక్కడ స్త్రీవాదులకు ఒక ఇరకాటం ఉంది. పిల్లలకు ఒకే మనిషి కావాలి, మనుషులు మారితే నష్టం అని మనం అంటే, ఆ వాక్యం చివర 'కాబట్టి తల్లి ఇంట్లోనే ఉండాలి' అని చేర్చడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన నివేదికను తల్లుల్ని ఉద్యోగాలనుంచి ఇంటికి పంపే వాదనకు ఎలా వాడుకున్నారో మనకు తెలుసు. యుద్ధకాలపు శిశుకేంద్రాలకూ, యుద్ధం తర్వాత వాటి మూసివేతకూ, మనస్తత్వశాస్త్రానికీ ఉన్న సంబంధాన్ని డెనీస్ రైలీ 1983లో 'వార్ ఇన్ ది నర్సరీ'లో తరచి చూశారు. ఆ సంబంధం తిన్నగా ఉండదనీ, సిద్ధాంతం ఒకటి చెబితే విధానం దానికి తోచింది చేసుకుపోతుందనీ ఆ పుస్తకం వల్ల అర్థమవుతుంది.

ఆ ఇరకాటానికి భయపడి పిల్లలకు నిలకడ అక్కర్లేదని మనం అనలేం. అదే యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగమ్ నడిపిన హాంప్‌స్టెడ్ శిశుకేంద్రాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మొదట అందరు పిల్లల్నీ అందరు నర్సులూ చూసేవారు. తర్వాత పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా చేసి ఒక్కొక్క గుంపును ఒక్కొక్కరికి అప్పగించారు. పిల్లలు ఆ మనిషిని పట్టుకున్నారు. అసూయలూ ఏడుపులూ పెరిగాయి, మాటలూ ఎదుగుదలా కూడా పెరిగాయి. ఆ మనిషి వాళ్ళను కన్నది కాదు. జీతానికో, శిక్షణ కోసమో వచ్చిన యువతి. పిల్లలకు కావలసిన నిలకడను రక్తబంధం ఒక్కటే ఇస్తుందన్న మాట అక్కడే వీగిపోయింది. సరిగ్గా ఏర్పాటు చేస్తే పని కూడా ఆ నిలకడ ఇవ్వగలదు.

అయితే మన దగ్గర ఆ ఏర్పాటు స్థానంలో 'అమ్మ' అన్న మాట వచ్చి కూర్చుంటుంది. వేదికల మీద అంగన్‌వాడీ టీచర్‌ను అమ్మ తర్వాత అమ్మ అంటారు. శిశుగృహంలో ఆయాను ఎంతమంది బిడ్డల తల్లో అంటారు. ఆ పొగడ్త అబద్ధం కాదు, కానీ అది జీతానికి బదులుగా ఇచ్చే నాణెం. అమ్మ షిఫ్టు అడగదు. అమ్మ సమ్మె చెయ్యదు. అమ్మకు గ్రాట్యుటీ ఏమిటి? అర్లీ హాక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అన్న భావనను విమాన సిబ్బంది ఉదాహరణతో చెప్పారు. నవ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. మన ఆయాకు ప్రేమించడం ఉద్యోగంలో భాగం, కానీ ఆ భాగానికి ఉద్యోగం అన్న పేరు లేదు. పసిబిడ్డను దత్తతకు అప్పగించిన రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో ఏ పర్యవేక్షకుడూ అడగడు. మర్నాడు ఉదయం ఆ ఉయ్యాల్లో ఇంకో బిడ్డ ఉంటుంది.

నిలకడను మాతృత్వంలోంచి బయటికి తీసి శ్రమ హక్కుల భాషలో చెప్పడం మనం చెయ్యగల పని. ఒక బిడ్డకు తెలిసిన మనిషి రేపు కూడా ఉండాలంటే ఆ మనిషికి ఎల్లుండి అద్దె కట్టుకోగల జీతం ఉండాలి. సెలవు ఉండాలి, లేకపోతే విసుగు పిల్లల మీద పడుతుంది. బరువైన కేసు తర్వాత కూర్చుని మాట్లాడటానికి అనుభవం ఉన్న మనిషి ఉండాలి. వెళ్ళిపోవలసి వస్తే, పిల్లలకు చెప్పి, కొత్తగా వచ్చే మనిషిని చేయి పట్టుకుని చూపించి వెళ్ళడానికి జీతంతో కూడిన పదిహేను రోజులుండాలి. వీటిలో ఏదీ త్యాగం అడగదు.

వంటింటి తర్వాత

మన సాహిత్యం సంగతి. స్త్రీవాద కవిత్వం వంటింటిని రాజకీయం చేసింది. విమల 'వంటిల్లు' కవిత, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివాక ఎవరూ గరిటెను అంతకు ముందులాగా చూడలేకపోయారు. ఇంటి పని, కాన్పు, దేహం, పెళ్ళి అన్నీ సాహిత్యంలోకి కొత్త గొంతుతో వచ్చాయి. కానీ ప్రభుత్వం నడిపే ఆ ఇంకో వంటిల్లు, ముప్పై మంది పిల్లలకూ పది మంది గర్భిణులకూ ఒక ఆయా రోజూ వండిపెట్టే వంటిల్లు, కథల్లో కేంద్రంగా కనిపించడం అరుదు. నేను చదివినంతలో అంగన్‌వాడీ టీచర్ ఇంకెవరి కథలోనో వార్త తెచ్చే పాత్రగానో, గర్భిణి పేరు రాసుకుపోయే చేయిగానో వస్తుంది. ఆమె సొంత మధ్యాహ్నం, రిజిస్టర్లు, ఫోన్‌లో తెరుచుకోని పోషణ్ ట్రాకర్, 2025 జూలై నుంచి రేషన్ ఇచ్చే ముందు తల్లి ముఖాన్ని గుర్తుపట్టమని ఆ యాప్ పెట్టే తగువు, గుడ్డు తగ్గిందని ఊరు తనను తిట్టే తిట్టు, ఇవి కథావస్తువులుగా మనకు ఇంకా తట్టలేదు.

పరిశోధనలో ఆమె స్థానం ఇంకా విచిత్రం. స్త్రీల ఆరోగ్యం మీదో, బాల్యవివాహాల మీదో, పోషణ మీదో ఊళ్ళోకి వెళ్ళిన పరిశోధకురాలికి మొదట ఎదురయ్యేది అంగన్‌వాడీ టీచరే. కుర్చీ వేస్తుంది, స్త్రీలను పిలుచుకొస్తుంది, రిజిస్టరు తెరిచి చూపిస్తుంది, మాట పెగలనివాళ్ళ చేత మాట్లాడిస్తుంది. సిద్ధాంత గ్రంథం అచ్చయ్యాక ఆమె కృతజ్ఞతల పేజీలో ఉంటుంది, విశ్లేషణలో ఉండదు. ఆ స్త్రీలు ఆమె పిలిస్తే ఎందుకొచ్చారు, ఆమె మాట ఎందుకు నమ్మారు అన్నదే అసలు విషయం. పదిహేనేళ్ళు ఒకే ఊళ్ళో ఉండిపోయి కూడబెట్టిన నమ్మకాన్ని మన పరిశోధన ఒక మధ్యాహ్నంలో వాడుకుంటుంది.

అందుకే మన పనిని చిన్న చిన్న అడుగులుగా చెప్పుకుందాం. ఇకమీదట మన రాతల్లో 'గౌరవ వేతనం' అన్నచోట జీతం అని రాద్దాం. ఐసీడీఎస్ మీద, బాలల రక్షణ మీద పరిశోధన చేసే విద్యార్థినుల చేత లబ్ధిదారుల ప్రశ్నావళితో పాటు ఉద్యోగుల ప్రశ్నావళి కూడా రాయిద్దాం. ఎన్నాళ్ళుగా చేస్తున్నారు, మీకంటే ముందున్నవాళ్ళు ఎందుకు వెళ్ళారు, వెళ్ళేటప్పుడు పిల్లలకు చెప్పారా అన్న మూడు ప్రశ్నలు అందులో ఉండాలి. ఉద్యోగం వదిలిన కౌన్సెలర్ల చేత, విరమణ చేసిన టీచర్ల చేత, ఆయాల చేత వాళ్ళ మాటల్లోనే చెప్పించి ఈ పేజీల్లో వెయ్యాలి. ఆత్మకథలు రాయగలిగినవాళ్ళవే కాకుండా, రిజిస్టర్లు తప్ప ఇంకేమీ రాయడానికి తీరిక దొరకనివాళ్ళవి కూడా మనకు కావాలి.

అంగన్‌వాడీలకు ఇప్పుడు యాభై ఏళ్ళు నిండాయి. మొదటి తరంలో చేరిన టీచర్లు విరమణ చేసి ఇళ్ళల్లో ఉన్నారు, చాలామంది పింఛను లేకుండా. ఊళ్ళో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఏ నెలలో చనిపోయారో, ఏ కరువులో ఏ పాలపిండి వచ్చిందో వాళ్ళకు గుర్తుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి రాసుకోవడానికి మనకు ఇంకా ఎంతో సమయం లేదు.